రూల్స్ మార్చడమే ఆట!

ఆఫర్ లెటర్ చివరి పేజీ చదవకుండానే సంతకం పెట్టేస్తారా? అయితే ఓసారి ‘నామిక్’ ఆడండి. అమెరికన్ ఫిలాసఫీ ప్రొఫెసర్ పీటర్ సూబర్ తయారుచేసిన ఈ ఆట 1982లో అచ్చయింది. మొదట ఉండేవి 29 రూల్స్. మీ వంతు రాగానే ఒక మార్పు ప్రతిపాదించాలి, అందరూ ఓటేయాలి. ఒక్కరు కాదన్నా అది వీగిపోతుంది. అలా అడ్డుపడేవాళ్లున్నారా? కంగారొద్దు, 203వ రూల్ పూర్తిగా చదవండి. అందరి వంతులూ రెండుసార్లు అయ్యేలోగా ఆ రూల్‌ని ఎవరూ సవరించకపోతే, ఆ తర్వాత మెజారిటీ చాలు!

అసలు కిటుకు 213లో ఉంది. ఒక ఎత్తు చెల్లుతుందో లేదో ఎటూ తేలకపోతే, వంతు పూర్తిచేయలేక ముందుగా ఆగిపోయినవారే విజేత. అందుకే తెలివైనవాళ్లు పాయింట్ల జోలికి పోరు, రెండు రూల్స్‌కి ఎక్కడ పేచీ పెట్టొచ్చా అని వెతుకుతారు. మీరూ నలుగురు ఫ్రెండ్స్‌తో మొదలెట్టండి. మార్పుల్ని మాత్రం కాగితం మీద మాటకు మాట రాయండి, లేదంటే గొడవలు ఖాయం.