పంచాయతీ కంప్యూటరునకు సరియైన కాలము

గ్రామ పంచాయతీ పరిపాలనలో కాలమునకు గల ప్రాముఖ్యము సభ్యులకు తెలియనిది కాదు. సమావేశపు నోటీసు ఏనాడు ఇచ్చిరి, తీర్మానము ఎప్పుడు ఆమోదించిరి, పన్ను రశీదు ఏ తేదీన వ్రాసిరి అను ప్రశ్నలపైననే అనేక తగవులు తేలుచుండును. పూర్వము ఈ తేదీలను గుమాస్తా చేతితో వేసెడివాడు. నేడు చాలవరకు కంప్యూటరే వేయుచున్నది. కావున దానిలోని గడియారము సరిగా నున్నదా లేదా అని విచారించుట సభ్యుల బాధ్యతలలో నొకటి.

మన రాష్ట్రమున 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. పంచాయతీ లెక్కలకు, చెల్లింపులకు ఉద్దేశించిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలు 2020 ఏప్రిల్ 24న ప్రారంభింపబడినది. చెల్లింపులకు డిజిటల్ సంతకము కావలెను. ఆ సంతకపు ధ్రువపత్రమునకు ఆరంభదినము, గడువుదినము కలవు. కంప్యూటరు తేదీ ఆ హద్దులు దాటియున్నచో, చెల్లుబాటులో నున్న పత్రమును సైతము యంత్రము నిరాకరింపవచ్చును. తేదీ బాగుగా తప్పినపుడు వెబ్‌సైటులే తెరుచుకొనవు. నిధులున్నను, తీర్మానమున్నను, పనివారికి సొమ్ము అందకపోవును. ఇక టెండరు గడువు పోర్టలు గడియారము ననుసరించి ముగియునేకాని మన బల్లపై గడియారము ననుసరించి కాదు.

కంప్యూటరులోని గడియారము చిన్న స్ఫటికము కంపనములపై నడచును. దినమునకు ఒకటి రెండు సెకండ్లు తప్పుట సాధారణము. అది నెలకు సుమారు ఒక నిమిషమగును. విద్యుత్తు లేనపుడు ఆ గడియారమును నడుపునది నాణెమువంటి చిన్న బ్యాటరీ. అది అయిపోయినచో తేదీ ఏండ్ల కొలది వెనుకకు పోవును.

అయినచో సరియైన కాలమేది? 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడువరకు విశాఖపట్నము జిల్లాలో నుండిన మన చోడవరమున, సగటు సూర్యుని బట్టి మధ్యాహ్నము గడియారము 12 కొట్టుటకు రెండు నిమిషములలోపు ముందుగా నగును. భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ సమీపమున పోవుటయు, చోడవరము దానికి కొంచెము తూర్పున నుండుటయు ఇందుకు కారణము. ఊరికొక కాలముండరాదనియే 1906 జనవరి 1 నుండి దేశమునకు ఒకే ప్రామాణిక కాలము నిర్ణయింపబడినది. దీనిని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో కాపాడుచున్నది.

ఆ కాలమును కంప్యూటరు ఇంటర్నెట్టు ద్వారా అడిగి తెలిసికొనును. ఈ పద్ధతికి నెట్‌వర్కు టైమ్ ప్రోటోకాల్ అని పేరు. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ రూపొందించిన ఈ పద్ధతి 1985లో ప్రకటింపబడినది. ఒక ఉదాహరణము చూడుడు. మన గడియారము 10 గంటలు చూపునపుడు ఒక మనిషిని సైకిలుపై అనకాపల్లి స్టేషనుకు పంపితిమనుకొందము. అతడు అచ్చటి గడియారములో 11 గంటల 10 నిమిషములు చూచి, వెంటనే మరలి, మన గడియారము 12 చూపువేళకు వచ్చెను. రాకపోకలకు సమానకాలము పట్టినచో, అతడచ్చట నున్నపుడు మన గడియారము 11 చూపియుండవలెను. కనుక మనది 10 నిమిషములు వెనుకబడినది. కంప్యూటరును ఇట్లే లెక్కించును. దారిలో ఆలస్యమగు జవాబులుండును గనుక, ఈ పద్ధతిలో పలుమార్లు అడిగి, త్వరగా వచ్చిన జవాబును హెచ్చుగా నమ్ముట కలదు.

విండోస్ కంప్యూటరులో చేయవలసినది స్వల్పము. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, పిదప డేట్ అండ్ టైమ్ తెరువవలెను. టైమ్ జోన్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ పేర్లుగల 5:30 గంటల పద్దును ఎన్నుకొనవలెను. కాలము తనంతట సరిచేసికొను మీటను వేసి, సింక్ నౌ నొక్కవలెను. తేదీయే తప్పియున్నచో ముందు చేతితో సరిచేయుట మేలు.

సర్వరు పేరు మార్చుటకు కంట్రోల్ ప్యానెల్‌లోని డేట్ అండ్ టైమ్‌లో ఇంటర్నెట్ టైమ్ అను పుట కలదు. జాతీయ సమాచార కేంద్రపు సర్వరు పేరు సమయ్1 చుక్క ఎన్ఐసీ చుక్క ఇన్. దీనిని ఆంగ్లాక్షరములలో వ్రాయవలెను. ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్లను ఈ కేంద్రముతో గాని, జాతీయ భౌతిక ప్రయోగశాలతో గాని, వానిని అనుసరించు సర్వర్లతో గాని కలుపవలెనని సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది. జవాబు రానిచో, నెట్‌వర్కులో 123వ పోర్టు మూయబడినదేమో సాంకేతిక సిబ్బందిచే చూపింపవలెను. కంప్యూటరు ఆపి వేసినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవుచున్నచో లోపము బ్యాటరీలో నున్నదని గ్రహించి దానిని మార్పింపవలెను.

నెలకొకసారి, సమావేశమునకు ముందు, కంప్యూటరు చూపు తేదీని, వేళను పరిశీలించుట పంచాయతీలు అలవరచుకొనదగిన మంచి పద్ధతి. దీనికి ఖర్చు లేదు, పట్టునది ఒక నిమిషము. ఆ నిమిషము వెచ్చించిన గ్రామమున ఏ రశీదు తేదీని గూర్చియు పౌరుడు సందేహింప నక్కరయుండదు.