అంపైర్ లేని ఆటలో తొండి చేస్తే అడిగేదెవరు?

క్రికెట్‌లో తొండి చేయాలంటే అంపైర్ కన్నుగప్పాలి. టీవీ మ్యాచ్ అయితే రీప్లేలు, అల్ట్రాఎడ్జ్, బాల్ ట్రాకింగ్ కూడా దాటాలి. గోల్ఫ్‌లో అంత కష్టం లేదు. ఏడు షాట్లు కొట్టి "ఆరు" అంటే చాలు. కార్డులో ఆరే పడుతుంది.

పెద్ద టోర్నమెంట్లలో రిఫరీలుంటారు. ఆదివారం సరదాగా ఆడే ఆటలో మాత్రం నలుగురు ఆటగాళ్ళు, వాళ్ళ క్యాడీలు, అంతే. తప్పు జరిగితే ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి, పెనాల్టీ ఎవరికి వాళ్ళే వేసుకోవాలి. ఇదేదో మర్యాద కోసం చెప్పే మాట కాదు. బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ కలిసి తెచ్చే రూల్స్ పుస్తకంలో మొదటి రూల్‌లోనే ఉంది.

మాది రామకుప్పం. చిత్తూరు జిల్లాలో ఓ మూల, ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. మా ఊళ్ళో గోల్ఫ్ అంటే ఛానల్ మారుస్తుంటే మధ్యలో కనిపించి పోయే ఆట. కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి సాఫ్ట్‌వేర్‌లో చేరినాక కథ మారుతుంది. దొమ్లూరు దగ్గర ఎంబసీ గోల్ఫ్‌లింక్స్ అనే ఐటీ పార్కు ఉంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు, పక్కనే కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ అయితే 1876 నాటిది. మొదట ఎవరో డ్రైవింగ్ రేంజ్‌కి తీసుకుపోతారు, ఓ బకెట్ బాల్స్ కొడతాం, ఒక్కటి సరిగ్గా తగిలి గాల్లోకి లేస్తుంది. అంతే, ఇరుక్కుపోతాం. ఏడాది తిరక్కుండానే కంపెనీ టోర్నమెంట్‌లో పేరుంటుంది.

అక్కడే అసలు చిక్కు. తొండి చేసేది గల్లీలో మన ఈడు పిలకాయ అయితే కాలర్ పట్టుకుని అడుగుతాం. ఇక్కడ పక్కన ఆడేది మన అప్రైజల్ రాసే మనిషి. లేకపోతే క్లయింట్.

తొండిలో ఎన్ని రకాలో చూడండి. అన్నిటికన్నా పాతది కాలితో నెట్టడం. రూల్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులే ఉండాలి. బాల్ చెట్టు వెనక పడితే బూటుతో మెల్లగా బయటికి జరిపేవాడిని చూసి, "పదిహేనో క్లబ్ తీశాడురా" అని నవ్వుకుంటారు. రెండోది జేబులో బాల్. పొదల్లో పోయిన బాల్‌ని వెతకడానికి ఇచ్చే టైమ్ మూడు నిమిషాలు, 2019కి ముందు ఐదు ఉండేది. ఆ టైమ్ దాటితే ఒక పెనాల్టీ షాట్ కలుపుకుని, ముందు కొట్టిన చోటికే వెనక్కి పోయి మళ్ళీ కొట్టాలి. అంత దూరం వెనక్కి నడవడం ఎవరికిష్టం? రెండు నిమిషాలా యాభై సెకన్లకు "ఆఁ, ఇక్కడుంది!" అనే కేక వినిపిస్తుంది. 1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్‌లో విలన్ మనిషి ప్యాంటు కాలులోంచి బాల్ జార్చేది ఇదే పద్ధతి. చివరికి బాండ్ కూడా బాల్ మార్చేసి గెలుస్తాడు, అది వేరే సంగతి.

గ్రీన్ మీద నాణెం పెట్టి బాల్ తీసి, మళ్ళీ పెట్టేటప్పుడు రెండంగుళాలు హోల్ వైపు జరపడం ఇంకో రకం. కంటికి ఆనదు. ఎక్కువమంది చేసేది మాత్రం వీటన్నిటికన్నా సులువైనది: లెక్క మరిచిపోవడం. విచిత్రమేమిటంటే మరిచిపోయిన ప్రతిసారీ అంకె తగ్గుతుందే తప్ప పెరగదు.

పెంచేవాళ్ళు లేరని కాదు. వాళ్ళు వేరే జాతి. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అని ఒకటుంటుంది. మీరు వీక్ అయితే మీకు కొన్ని షాట్లు మినహాయింపు ఇచ్చి, మంచి ఆటగాడితో సమానంగా పోటీ పెడతారు. 2020 నుంచి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో మీ చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని సరాసరి కడతారు. దీన్ని మోసం చేయాలంటే మామూలు రోజుల్లో చెడ్డగా ఆడినట్టు స్కోర్లు ఎక్కించి, ప్రైజు ఉన్న రోజు అసలు ఆట బయటికి తీయాలి. వీళ్ళని శాండ్‌బ్యాగర్లు అంటారు. అందుకే సిస్టమ్‌లో ఓ చెక్ పెట్టారు. మీ హ్యాండిక్యాప్ కన్నా 7 షాట్లు మెరుగ్గా ఆడేస్తే అది దానంతటదే 1 తగ్గుతుంది, 10 మెరుగైతే 2 తగ్గుతుంది. మన భాషలో చెప్పాలంటే అనామలీ డిటెక్షన్. కోడ్ చూసి ముచ్చటేసింది గానీ, ఎక్కించే డేటా మనిషి చేతిలోనే ఉన్నంతకాలం కోడ్ ఏం చేస్తుంది?

నిజాయితీ అనగానే గోల్ఫ్ వాళ్ళు చెప్పే కథ బాబీ జోన్స్‌ది. ఆయన మనలాగే అమెచ్యూర్, డబ్బు కోసం ఆడలేదు. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో ఉన్న బాల్ కొట్టబోతుంటే అది కొంచెం కదిలింది. ఎవరూ చూడలేదు. తనే చెప్పి ఒక షాట్ కలుపుకున్నాడు. చివరికి విల్లీ మాక్‌ఫార్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క షాట్ లేకుంటే కప్పు ఆయనదే. 2010లో బ్రయాన్ డేవిస్ కూడా అంతే. జిమ్ ఫ్యూరిక్‌తో ప్లేఆఫ్ ఆడుతూ, తన క్లబ్ ఓ రెల్లుపుల్లకు తగిలిందని తనే రిఫరీని పిలిచి చెప్పి ఓడిపోయాడు.

గొప్ప కథలే. కానీ ఇవి మన ఆదివారానికి పనికిరావు. ఈ కథల్లో మంచివాడు తన తప్పు తను చెప్పుకున్నాడు. మన సమస్య అది కాదు. చెప్పుకోని మనిషి పక్కనుంటే ఏం చేయాలన్నది.

ఒక కంపెనీ టోర్నమెంట్‌లో నేను చూసింది చెబుతాను. మా నలుగురిలో ఓ సీనియర్ ఉన్నాడు, చాలా పెద్ద పొజిషన్. పార్ ఫోర్ హోల్. మొదటి షాట్ చెట్లలోకి పోయింది. ఆయన చెట్ల వెనక కాసేపు కనిపించలేదు. క్లబ్ గడ్డిని కోసిన చప్పుడు రెండుసార్లు వినిపించింది, బాల్ మాత్రం ఒక్కసారే బయటికొచ్చింది. హోల్ అయ్యాక హాయిగా "ఫైవ్" అన్నాడు. ఆయన కార్డు రాస్తున్నది మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి. చేరి రెండేళ్ళు కూడా కాలేదు. తను పెన్ను ఆపి, చాలా మామూలుగా, "సార్, ఒకసారి కలిసి లెక్కేద్దామా? టీ షాట్ ఒకటి. చెట్ల దగ్గర ఎన్ని సార్?" అంది. ఆయన కాసేపు ఆగాడు. "రెండు... అవునవును, రెండు. అయితే మూడు. తర్వాత ఫెయిర్‌వే నుంచి నాలుగు, బంకర్‌లోంచి ఐదు, పుట్ రెండు..." తనే లెక్కేసి తనే "సెవెన్" అన్నాడు. ఆమె ఏడు రాసింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. తర్వాతి హోల్ నుంచి ఆయన అడక్కముందే అంకె చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె "తప్పు" అనే మాట వాడలేదు. "నేను చూశాను" అనలేదు. లెక్కని మొదటి నుంచి ఆయన నోటితోనే చెప్పించింది. అబద్ధం ఒక అంకెగా చెప్పడం తేలిక, ఒక్కో షాట్ విడదీసి చెప్పడం కష్టం. బగ్ దొరికినప్పుడు "మీ కోడ్ తప్పు" అనకుండా "ఒకసారి స్టెప్ బై స్టెప్ రన్ చేద్దామా" అని అడుగుతాం చూడండి, అదే.

ఆట అయ్యాక టీ తాగుతూ ఆయన క్యాడీని పక్కకు పిలిచి అడిగాను. మా వైపు మాటే, ముళబాగిలు దాటి వచ్చినవాడు.

"అన్నా, చెట్ల కాడ నువ్వు చూసినావు గదా?"

"చూడకుండా యాడికి పోతాను సార్? బాల్ చూసేదే నా పని."

"మరి చెప్పలేదే?"

"దుడ్డిచ్చేది ఆయన. మళ్ళీ వారం ఆయన నన్నే పిలవల్ల గదా. నాకేల సార్ ఆ గొడవ."

కోర్సులో అన్నీ చూసేది క్యాడీ ఒక్కడే. మాట్లాడితే అందరికన్నా ఎక్కువ పోగొట్టుకునేదీ అతనే. "క్యాడీని అడగండి" అని అతన్ని సాక్ష్యానికి లాగేవాళ్ళుంటారు. దయచేసి ఆ పని చేయకండి. రూల్స్ కూడా క్యాడీ చేసే పనికి ఆటగాడినే బాధ్యుడిని చేస్తాయి. ఆటగాళ్ళ గొడవ ఆటగాళ్ళే తేల్చుకోవాలి.

ఆ మాట విన్నాక నాకు కేజీఎఫ్ గుర్తొచ్చింది. యశ్ సినిమా కాదు, మా మండలానికి పెద్ద దూరం లేని అసలు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనులు తవ్వడం మొదలుపెట్టాక చిత్తూరు వైపు తెలుగువాళ్ళు, తమిళులు వేలమంది అక్కడికి పనికి పోయారు. తెల్లదొరలు అక్కడ తమ కోసం క్లబ్ కట్టుకున్నారు, గోల్ఫ్ కోర్సు వేసుకున్నారు. ఒకే ఊరు, రెండు పద్ధతులు. గనిలోంచి పైకొచ్చిన కూలీ బంగారం దాచాడేమోనని ఒళ్ళంతా తడిమి పంపేవాళ్ళు. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకుంటామంటే గనుల్లో పెద్ద సమ్మే జరిగింది. అక్కడికి దగ్గర్లోనే దొర తన స్కోరు తను చెబితే, మారు మాట లేకుండా నమ్మేవాళ్ళు. 2001లో గనులు మూతపడ్డాయి. కానీ "పెద్దమనుషుల ఆట, ఇందులో అడగకూడదు" అనే మాట మాత్రం ఇంకా వింటున్నాం. ఎవరిని అడగకూడదో చూస్తే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

నిజానికి అడగడం ఆటకు కొత్త కాదు, మనకీ కొత్త కాదు. బిళ్ళంగోడులో బిళ్ళ ఎంత దూరం పోయిందో కొట్టినవాడే చెప్పేవాడు, "ముప్పై!" అని. నమ్మకపోతే అవతలివాడు కర్రతో కొలిచేవాడు. ముప్పై రాకపోతే కొట్టినవాడు అవుట్. కొలుస్తానన్నందుకు ఎవరూ అలిగినట్టు గుర్తు లేదు.

అయితే ప్రతిదీ తొండి కాదు. ఫ్రెండ్స్ మధ్య మొదటి షాట్ చెడితే ఇంకోటి కొట్టుకోనిస్తారు, ములిగన్ అంటారు. హోల్ పక్కనే ఆగిన బాల్‌ని "చాల్లే, తీసేయ్" అంటారు, అది గిమ్మీ. పందెం లేని సరదా ఆటలో అందరూ ముందే ఒప్పుకుంటే వీటితో నష్టం లేదు. కొత్తగా నేర్చుకునేవాడు పదకొండో షాట్ కొడుతుంటే రూల్ పుస్తకం తీసేవాడంత బోర్ మనిషి ఇంకోడుండడు. ఎటికెట్ అంటే అసలు ఇదీ: ఎదుటివాడు కొట్టేటప్పుడు నోరు మూసుకోవడం, ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, బంకర్‌లో ఇసుక చదును చేసి రావడం, బాల్ మనుషుల వైపు పోతే "ఫోర్!" అని గట్టిగా అరవడం. బాల్ పోతే పక్కవాళ్ళు కూడా వెతకాలి. ఇది మర్యాదే, పైగా నలుగురి కళ్ళు అక్కడుంటే జేబులోంచి బాల్ జారదు.

టోర్నమెంట్ అయితే లెక్క వేరు. స్ట్రోక్ ప్లేలో గిమ్మీలు లేవు, బాల్ హోల్‌లో పడాల్సిందే. ఒక రూల్ వర్తిస్తుందని తెలిసి కూడా "పోనీలే" అని ఇద్దరు మాట్లాడుకుని వదిలేస్తే ఇద్దరూ డిస్‌క్వాలిఫై. ఇది చాలామందికి తెలియదు. మొహమాటానికి ఊరుకోవడం మంచితనం అనుకుంటాం. పుస్తకం దాన్ని కలిసి చేసిన తప్పు అంటుంది.

కార్డు సంగతీ అంతే. మీ స్కోరు పక్కవాడు రాస్తాడు, చివర ఇద్దరూ సంతకం పెట్టాలి. సంతకం ఎంత సీరియస్సో 1968 మాస్టర్స్‌లో తేలింది. రాబెర్టో డి విసెంజో పదిహేడో హోల్‌లో కొట్టింది మూడు, కార్డు రాసిన టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఎక్కువ స్కోరు మీద సంతకం పడితే అదే ఖాయం. బాబ్ గోల్బీ ఒక్క షాట్ తేడాతో గెలిచాడు. తక్కువ స్కోరు మీద సంతకం పెట్టి ఉంటే డిస్‌క్వాలిఫై చేసేవాళ్ళు.

కాబట్టి బాస్ కార్డు మీ చేతికొచ్చి, అందులో ఓ అంకె తప్పని మీకు తెలిస్తే, గొడవ పడక్కర్లేదు, సంతకం పెట్టకండి. "సార్, పన్నెండో హోల్ మీద నాకు డౌటుంది, కమిటీని అడుగుదాం" అంటే సరిపోతుంది. తేల్చేది వాళ్ళు. తెలిసి తప్పు స్కోరు మీద సంతకం పెట్టిన మార్కర్‌ని కూడా డిస్‌క్వాలిఫై చేయమనే రూల్ చెబుతోంది. అప్రైజల్ భయం ఉన్నవాళ్ళకి ఇది మంచి సాకు: "నేను అడగట్లేదు సార్, అడక్కపోతే నన్ను తీసేస్తారు."

ఇప్పుడు మా గ్రూప్‌లో ప్రతి హోల్ కాగానే, ఎవరూ అడక్కముందే, అందరికన్నా చెత్తగా ఆడినవాడు ముందు తన అంకె చెబుతాడు. "నాకు తొమ్మిది" అని ఒకడు అన్నాక ఏడుని ఆరు చేసుకోవాలని ఎవరికీ అనిపించదు. మొదటి టీ దగ్గర బాల్ బ్రాండు, నంబరు, పెన్నుతో పెట్టిన గుర్తు కూడా పైకి చెప్పుకుంటాం. నాది టైటిలిస్ట్ 3, రెండు ఆకుపచ్చ చుక్కలు.