బ్యాంకుకు వ్రాయు స్వపరిచయము: సాంచె మాట దాచవలెనా?

మా సంఘ కార్యాలయమునకు పూర్వము నూలు ధర తెలిసికొనుటకు, కూలి తగాదా తీర్చుకొనుటకు, సొసైటీ వాటా సంగతి అడుగుటకు జనులు వచ్చెడివారు. ఇప్పుడును వచ్చుచున్నారు. అయితే ఇటీవల వారితోపాటు కాలేజీలో చదువు మన పిల్లలు కూడ చేతిలో ఫోను పట్టుకొని మెట్లెక్కుచున్నారు. "కాకా, బ్యాంకుల ఇంటర్న్‌షిప్‌కు పెడ్తున్న. నా గురించి ఒక్క పేజీ రాయుమన్నరు. జర చూస్తరా?" ఇదీ వారి కోరిక. మాకు మగ్గము తెలియును, సాంచె తెలియును, అంతో ఇంతో సర్కారు కాగితము తెలియును గాని, ఈ ఒక్క పేజీ విద్య మాకును క్రొత్తదే. పదిమంది కాగితములు చూచిన మీదట కొంత తెలిసినది. అది మన సోదర కుటుంబములకు కూడ తెలియుట మంచిదని ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఇంటర్న్‌షిప్ అనగా ఏమో తల్లిదండ్రులకు రెండు మాటలలో చెప్పవలెను. చదువుచున్న విద్యార్థిని కొన్ని వారములు గాని, కొన్ని నెలలు గాని కార్యాలయములో ఉంచుకొని పని చూపించుట. ఇది ఉద్యోగము కాదు. రిజర్వు బ్యాంకు వేసవిలో ఇట్లు విద్యార్థులను తీసికొనును. నాబార్డు పై చదువులవారిని తీసికొనును. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద ప్రభుత్వ బ్యాంకులు పట్టభద్రులను తీసికొనుట వేరు సంగతి. అందు పరీక్ష ముఖ్యము, వ్రాత తరువాతిది. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమును ఆరంభించినది. ఆరంభమున పెట్టిన నియమము ప్రకారము 21 నుండి 24 సంవత్సరముల వయస్సు వారికి ఒక సంవత్సరము శిక్షణ, నెలకు 5,000 రూపాయల భృతి. నియమములు మారుచుండును గనుక దరఖాస్తు పెట్టునాడు మరల చూచుకొనవలెను. ప్రయివేటు బ్యాంకులు, సహకార బ్యాంకులు తమ తమ పద్ధతులలో తీసికొనుచున్నవి. పరీక్ష లేనిచోట పెక్కుసార్లు "నిన్ను గూర్చి వ్రాయుము, మా బ్యాంకునకే ఎందుకు వచ్చెదవో చెప్పుము" అని అడుగుదురు. ఆ పేజీ చదివియే పిలువవలెనో లేదో నిర్ణయింతురు.

మేము చూచిన వానిలో ఒక అమ్మాయి కాగితము గూర్చి కొంచెము వివరముగా చెప్పెదము. షోలాపూరులో తూర్పు పేటలలో పుట్టి పెరిగిన పిల్ల. బి.కాం. రెండవ సంవత్సరము. తండ్రికి నాలుగు సాంచెలు కలవు, తువ్వాళ్లు నేయును. తల్లి మన పేటలలోని పెక్కుమంది స్త్రీలవలెనే బీడీలు చుట్టును. ఆ అమ్మాయి తెచ్చిన మొదటి కాగితము మంచి ఇంగ్లీషులో, తప్పులు లేకుండ ఉన్నది. తాను కష్టపడి పనిచేయు స్వభావము గలదట. పదిమందితో కలిసి పనిచేయగలదట. నాయకత్వ లక్షణములు కలవట. ఆర్థిక రంగమన్న చిన్ననాటి నుండి మక్కువయట. తండ్రి వృత్తి అన్నచోట "వ్యాపారము" అని ఉన్నది. తల్లి ఊసే లేదు.

మాకు నవ్వు వచ్చినది. ఏలయనగా అంతకు ముందు వారమే వచ్చిన ఇద్దరు పిల్లల కాగితములలో కూడ ఆ నాయకత్వ లక్షణములే, ఆ మక్కువయే, ఇంచుమించు ఆ మాటలతోనే ఉన్నవి. అడుగగా ముగ్గురును ఫోనులోని యంత్రముచేత వ్రాయించితిమని ఒప్పుకొన్నారు. యంత్రము వ్రాసినదానిలో అబద్ధము లేదు గాని మనిషి కూడ లేడు. ఒకే అచ్చులో దింపిన తువ్వాలు వేయి ఉండవచ్చును, కొనువాడు అందులో ఏది తీసికొన్నను ఒకటే. బ్యాంకు అధికారి ముందు అట్టి కాగితములు వందలు పడియుండును.

"నాయన సాంచెల సంగతి ఏల వ్రాయలేదమ్మా?" అని అడిగితిమి. కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "సాంచెలు, బీడీలు అని రాస్తే తక్కువ చూడరా కాకా? ఇంగ్లీష్ స్కూల్ల పోరగాండ్లు శానమంది పెడ్తరు" అన్నది. ఆ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయితిమి. తక్కువగా చూచువారు లోకములో లేరని చెప్పిన అది అబద్ధమగును. మేమును మా కాలములో పెండ్లి సంబంధపు ఉత్తరములలో "బట్టల వ్యాపారము" అని వ్రాసినవారమే.

అందుచేత ఆమెను వేరుగా ప్రశ్నించితిమి. ఇంటిలో నీవు చేయు పని ఏమి? అప్పుడు ఒక్కొక్కటిగా బయటపడినవి. రెండు సంవత్సరములుగా తండ్రి నూలు లెక్క నోటుపుస్తకము ఆమెయే వ్రాయుచున్నది. ఏ దినమున ఎన్ని మూటల నూలు వచ్చినది, రంగులకు ఎంత పోయినది, ఎన్ని డజనుల తువ్వాళ్లు దిగినవి, సేటు ఎంత యిచ్చెను, ఎంత నిలిపెను, అన్నియు తేదీలతో ఉన్నవి. తల్లి బీడీల లెక్క కూడ ఆమెదే: కార్ఖానాకు ఇచ్చినవెన్ని, నాసిరకమని తీసివేసినవెన్ని, కూలి ఎన్నింటికి కట్టిరి. ఆ గల్లీలో చదువురాని ఆడవారు బ్యాంకులో డబ్బు కట్టుటకు, తీయుటకు చీటీలు ఆమె చేతనే వ్రాయించుకొందురు. కొన్నేండ్ల క్రిందట ఒక సహకార బ్యాంకు మూతపడినప్పుడు, అందులో కొంత సొమ్ము దాచుకొన్న తన నాయనమ్మకు డిపాజిటు ఇన్సూరెన్సు క్రింద రావలసినది తెప్పించుటకు కాగితములు నింపినదియు ఈ అమ్మాయియే. (ఈ ఇన్సూరెన్సు పరిమితి 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు. మనవారిలో పెక్కుమందికి తెలియదు గనుక ప్రస్తావవశమున చెప్పుచున్నాము.)

ఇంత చేసిన పిల్ల కాగితములో "ఆర్థిక రంగమన్న మక్కువ" అని వ్రాసి ఊరకుండెను!

మరునాడు క్రొత్త కాగితము వ్రాసి తెచ్చినది. దానిని తెలుగులో చెప్పుచు తండ్రికి కూడ వినిపించుమంటిమి. ఆయన కార్యాలయపు బల్లమీద కూర్చుండి వినెను. "నూలు తెచ్చిన ఒక నెలకు మాకు డబ్బు చేతికి వచ్చును" అన్న వాక్యము దగ్గర చేయి ఎత్తెను.

"నెల గాదు బిడ్డా. యాభై దినాలు వడ్తది. రంగులకు, పడుగుకు ఆరు దినాలు. నేతకు పద్నాలుగు. కత్తిరించి, కుట్టి, కట్టలు కట్టెటందుకు ఐదు. సేటు పైసలిచ్చెటాలకు ఇరువై ఐదు. నువ్వే రాస్తున్నవు గద బుక్కుల."

"మరి నూలాయనకు ఎప్పుడియ్యాలె నాయినా?"

"ముప్ఫై దినాలకు. అండ్లనే సావొచ్చేది."

ఆ అమ్మాయి వ్రేళ్లమీద లెక్కించుకొని, మావైపు తిరిగి, "ఆ నడిమిట్ల ఇరువై దినాలు... అదే గద కాకా మా పుస్తకంల ఉన్న వర్కింగ్ క్యాపిటల్!" అన్నది. ఆ పాఠము ఆమె పరీక్షలో వ్రాసి మార్కులు కూడ తెచ్చుకొన్నదట. తన ఇంటిలో తండ్రి నిద్ర చెరచుచున్నది ఆ పాఠమేనని అంతవరకు తోచలేదు. చిన్న పరిశ్రమలకు బ్యాంకువారు క్యాష్ క్రెడిట్ అని ఇచ్చు అప్పు ముఖ్యముగా ఇట్టి సందు పూడ్చుటకే. 2015లో వచ్చిన ముద్రా పథకములో చిన్నదైన శిశు తరగతి 50,000 రూపాయల వరకు. నాలుగు సాంచెలవాడు ఎంత అడుగవలెను, ఎన్ని దినములకు అడుగవలెను అని లెక్క కట్టగల మనిషి బ్యాంకు బల్లకు అవతల కూర్చున్న, ఇవతల నిలుచున్న మనకెంత మేలు!

చివరకు ఆమె పంపిన పేజీలోని ముఖ్య భాగము, మాటకు మాట కాకపోయినను, ఇట్లున్నది:

"మా నాయన నాలుగు సాంచెలమీద తువ్వాళ్లు నేయును. మా అమ్మ బీడీలు చుట్టును. రెండు సంవత్సరములుగా ఇద్దరి లెక్కలు నేను వ్రాయుచున్నాను. నూలు తెచ్చిన యాభై దినములకు మాకు డబ్బు వచ్చును. నూలు వర్తకునికి ముప్పది దినములకే చెల్లించవలెను. ఆ ఇరువది దినములకు నాయన చేబదులు తెచ్చును. మావంటి ఇండ్లకు బ్యాంకు ఎట్లు అప్పు నిర్ణయించునో, ఏ కాగితములు చూచునో, ఏల కొన్నిసార్లు నిరాకరించునో నేర్చుకొనగోరుచున్నాను. మా గల్లీలో పన్నెండుగురు స్త్రీలకు బ్యాంకు చీటీలు వ్రాసిపెట్టుదును. తెలుగు, మరాఠీ, హిందీ మాటలాడుదును. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వ్రాయుదును. తెలుగు చదువుట నేర్చుకొనుచున్నాను."

ఇందులో నాయకత్వ లక్షణములన్న మాట లేదు. చదివినవారికి ఆ లక్షణములు వారంతట వారికే కనబడవచ్చును.

భాషల సంగతి కొంచెము ఆగి చెప్పవలసియున్నది. మన పిల్లలు దీనిని గొప్పగా ఎంచరు. భివండీలో, ఇచల్‌కరంజిలో ఉన్నవారికి ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, వీథిలో హిందీ. బరంపురములో ఒడియా, సేలములో తమిళము, బెంగుళూరులో కన్నడము. ప్రభుత్వ బ్యాంకులు అప్రెంటిసులను తీసికొనునప్పుడు ఆ రాష్ట్రపు భాష వచ్చునా అని పరీక్షించుచున్నవి. అందుచేత స్థానిక భాష చదువ వ్రాయ వచ్చునన్నది మొదట చెప్పవలెను. తరువాత తెలుగు. నేతపేటలోని శాఖకు తెలుగు మాటలాడు మనిషి ఎంత అవసరమో, అక్కడి వరుసలో నిలుచున్న మన ముసలమ్మలను చూచిన చాలును. అయితే మాటలాడుట వేరు, చదువుట వేరు, వ్రాయుట వేరు. ఒక అబ్బాయి "తెలుగులో నిష్ణాతుడను" అని వ్రాసెను. మేము పాత బులెటిను ఒకటి చేతికిచ్చి చదువుమంటిమి. అక్షరములు గుర్తింపలేక తలవంచుకొనెను. బ్యాంకులో అట్లే ఎవరైన ఇచ్చియుండిన?

పొడవు సంగతి చెప్పనక్కరలేదు. వారు ఇన్ని మాటలన్న అన్ని మాటలే, లేదన్న ఒక్క పేజీ. కులము పేరు, మార్కండేయుని, దేవల మహర్షి కథలు అందులో అక్కరలేదు. అవి మన జయంతి సంచికలలో ఎట్లును వ్రాసికొనుచున్నాము. ఆధారు నంబరు, ఖాతా నంబరు స్వపరిచయములో ఎన్నటికిని వ్రాయరాదు. "ఇంటర్న్‌షిప్ ఇప్పింతుము, ముందు ఇంత కట్టుడు" అని ఫోను చేయువారిని నమ్మరాదు. ఏ బ్యాంకుదైనను దాని సొంత ప్రకటన చూచిన తరువాతనే అడుగు వేయవలెను.

ఇంకొక దోషము కలదు. ఇది మొదటిదానికి సరిగా ఎదురు. సాంచె మాట దాచవద్దంటిమని ఒకరిద్దరు పిల్లలు కాగితమంతయు కన్నీరు చేసిరి. తండ్రి దగ్గు, తల్లి వ్రేళ్లు, ఇంటి అప్పు, తిండికి చాలని దినములు. అది నిజమే కావచ్చును. కాని బ్యాంకు అడిగినది జాలిపడుటకు కాదు, పని ఇచ్చుటకు. ఇంటి కష్టము నీకు నేర్పిన పని ఏమో అది వ్రాయవలెను. కుటుంబమునకు ఆ బ్యాంకులోనే అప్పు బాకీ ఉన్న, స్వపరిచయములో వ్రాయనక్కరలేదు. ఇంటర్వ్యూలో అడిగిన మాత్రము లేదని బొంకరాదు. వారి ఎదుటనే లెక్క ఉండును.

తండ్రి మమ్ము అడిగిన ప్రశ్న మరొకటి ఉన్నది. కూతురు బయటకు వెళ్లిన తరువాత మెల్లగా అడిగెను. "రెండు నెలలు ఆడికి వోతె, జీతం లేకపాయె, ఇంట్ల పనెవరు జేస్తరు సారూ?" ఈ ప్రశ్న న్యాయమైనది. పట్నపు కుటుంబములు ఇట్లడుగవలసిన అవసరము లేదు. భృతి ఇచ్చు చోట్లు కలవు, ఇవ్వని చోట్లును కలవు. దరఖాస్తుకు ముందే భృతి, పోకరాక ఖర్చు, సమయము తెలిసికొనుడని చెప్పితిమి. సెలవులలో పడునట్లు చూచుకొనుడంటిమి. అంతకు మించి ఆయనకు చెప్పుటకు మా దగ్గర ఏమియు లేకపోయినది. ఆయన కొంతసేపు ఆలోచించి, "పోనీ తియ్యుండ్రి" అనెను.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి బ్యాంకు నుండి కబురు రాలేదు. ఆ అమ్మాయి మరి రెండు చోట్లకు కూడ పంపినది. ప్రతిచోటికి "మీ బ్యాంకునకే ఎందుకు" అన్న భాగము విడిగా వ్రాసినది. ఈలోగా నూలు పుస్తకము తమ్మునికి అప్పగించి నేర్పుచున్నది. మొదటి వారము వాడు రెండు మూటలు తక్కువ వ్రాసెనట. తండ్రి మరల కూర్చుండి మొదటి నుండి లెక్క పెట్టించుచున్నాడు.