సాంబా సర్వరు పలుకనప్పుడు

ఒక చిన్న కార్యాలయమున పది కంప్యూటర్లు ఉన్నవనుకొందము. ఫైళ్లన్నియు లినక్స్ నడుచు ఒక యంత్రమున భద్రపరచబడి ఉండును; బల్లలమీదివి విండోస్ యంత్రములు. ఈ రెంటికిని నడుమ దుబాసిగా నిలుచునది సాంబా అను ప్రోగ్రాము. దీనిని 1990 తరువాతి తొలి సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి ఆరంభించెను. విండోస్ యంత్రములు ఫైళ్లు పంచుకొను పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు. ఆ మూడక్షరములును వరుసగా వచ్చు మాటకై ఆయన నిఘంటువును వెదకించగా ‘సాంబా’ దొరకినది. మన సాంబయ్యలకును దీనికిని చుట్టరికమేమియు లేదు.

రాత్రి లినక్స్ ప్యాకేజీలను నవీకరించితిమి. తెల్లవారి చూడగా పంచుకొను ఫోల్డరు తెరచుకొనదు. అట్టి సమయమున పెక్కుమంది చేయు తొలిపని సాంబా సెట్టింగుల ఫైలును తెరచి తోచిన పంక్తి నెల్ల మార్చుట. ఇంతకంటె చెరుపు వేరొకటి లేదు. ముందుగా ఏ ప్యాకేజీ ఏ వెర్షను నుండి ఏ వెర్షనునకు మారెనో చూడవలెను. డెబియన్, ఉబుంటులలో ‘ఆప్ట్’ చరిత్ర లాగు, ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్ హిస్టరీ’ ఆ లెక్కను దాచియుంచును.

పిమ్మట సర్వీసు నడుచుచున్నదా యని ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’ చేత అడుగవలెను. సర్వీసు పేరు డెబియన్‌లో ‘ఎస్ఎంబీడీ’, ఫెడోరాలో ‘ఎస్ఎంబీ’ మాత్రమే. ‘టెస్ట్‌పార్మ్’ అను ఆజ్ఞ సెట్టింగుల ఫైలును చదివి, కొత్త వెర్షను ఎరుగని పంక్తులను ఎత్తిచూపును. అంతయు సరిగానున్నచో సర్వరుమీదనే కూర్చుండి ‘ఎస్ఎంబీక్లయంట్’ తో పిలిచి చూతము. అచ్చట పలికి, పొరుగు యంత్రమునకు పలుకనిచో, మొదట అనుమానింపవలసినది ఫైర్‌వాల్‌ను, 445వ పోర్టును.

అన్నియు సరియే, కొన్ని యంత్రములకు మాత్రమే తలుపు తెరచుకొనదు. ఇదియే ఎక్కువగా తికమకపెట్టు సందర్భము. ఎస్.ఎం.బి. ఒక్క భాష కాదు. దానికి పాతకొత్త మాండలికములు కలవు. 2019 సెప్టెంబరులో వెలువడిన సాంబా 4.11, మొదటి మాండలికమగు ఎస్.ఎం.బి.1ను తనంతట తాను అంగీకరించుట మానినది. ఉబుంటు 18.04 వెలువడినప్పుడు అందులో నుండినది సాంబా 4.7, 20.04 వెలువడినప్పుడు 4.11. కావున ఆ మెట్టు ఎక్కినవారి పాత స్కానర్లు ఒక్కసారిగా మూగవోయినవి.

ఈ కాఠిన్యము అకారణము కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను మాల్‌వేర్, విండోస్‌లోని ఎస్.ఎం.బి.1 లోపము నాధారము చేసికొని దేశదేశముల కంప్యూటర్లను పాడుచేసెను; ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ యంత్రములు కొన్నియు దాని వాత బడినవి. ఆ లోపము సాంబాది కాదు. అయినను మాండలికమే ముదిసినది. రహస్యలేఖన రక్షణ దానియందు లేదు.

మరియొక చిత్రము: ‘నెట్‌వర్క్’ జాబితాలో సర్వరు పేరు కనబడనంత మాత్రమున సర్వరు పోయినట్లు కాదు. ఆ పాత జాబితా ఎస్.ఎం.బి.1తో ముడిపడినది. సర్వరు చిరునామాను నేరుగా టైపు చేసిన ఫోల్డరు తెరచుకొనవచ్చును. పేరు మరల కనబడవలెనన్న ‘డబ్ల్యూఎస్‌డీడీ’ అను చిన్న సర్వీసును చేర్చిన చాలును.

పాత స్కానరును విడువలేనిచో, ‘గ్లోబల్’ విభాగమున ‘సర్వర్ మిన్ ప్రోటోకాల్’ విలువను ‘ఎన్‌టీ1’ గా వ్రాసి సర్వీసును మరల ఆరంభింపవచ్చును. దీనిని తాత్కాలికముగానే ఎంచవలెనని మా అభిప్రాయము. ఒక్క స్కానరు కొరకు కార్యాలయపు ద్వారమంతయు బార్లా తెరచుట న్యాయమా? ఆ స్కానరుకు ఎఫ్.టి.పి. వచ్చునేమో ముందు చూడవలెను; పెక్కింటికి వచ్చును. గత్యంతరము లేక ఆ పంక్తి వ్రాసినచో, యంత్రములు పనిలోనున్న వేళలయందు ‘ఎస్ఎంబీస్టేటస్’ ఆజ్ఞనిచ్చి చూచుచుండవలెను. ఎవరెవరు ఏ మాండలికమున మాటలాడుచున్నారో అది చెప్పును. ‘ఎన్‌టీ1’ అని చూపు యంత్రము ఒక్కటియు మిగులని నాడు ఆ పంక్తిని తీసివేయవచ్చును.