తూము లేని తొట్టి

మొన్న ఆదివారం మా మనవడు బ్రెడ్‌బోర్డు పట్టుకొచ్చి నా మంచం మీద పెట్టాడు. "తాతయ్యా, దీనికి దెయ్యం పట్టింది" అన్నాడు. ఇంజనీరింగ్ చదివేవాడి నోట దెయ్యం మాట వచ్చిందంటే చూడాల్సిందే. కళ్లజోడు వెతుక్కున్నాను.

టీ ఎంత వేడిగా ఉందో కొలవాలని వాడి సరదా. కే-టైప్ థర్మోకపుల్ తెచ్చాడు. డిగ్రీ తేడాకి అది ఇచ్చేది 41 మైక్రోవోల్టులే. దాన్ని పెంచడానికి ఏడీ620 ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్, 499 ఓముల రెసిస్టర్‌తో 100 రెట్ల గెయిన్, రెండు 9 వోల్టుల బ్యాటరీలు. లెక్కంతా సరే. అవుట్‌పుట్ మాత్రం ఏడున్నర వోల్టుల దగ్గర బిగుసుకుపోయింది.

"ఇన్‌పుట్‌లో ఎంతుందిరా?"

"అదే కదా చోద్యం!" అంటూ మల్టీమీటర్ నల్ల ప్రోబు గ్రౌండ్‌కీ, ఎర్రది థర్మోకపుల్ తీగకీ ఆనించాడు. 10 మిల్లీవోల్టులు! వేడి టీలో ముంచినా రెండు దాటని వస్తువుకి ఈ పది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? పైగా ప్రోబు ఆనించినంతసేపూ అవుట్‌పుట్ బుద్ధిగా 0.16 వోల్టులు చూపిస్తోంది. తీసిన సెకనుకో రెండు సెకన్లకో మళ్లీ ఏడున్నర.

నాకు నవ్వొచ్చింది. వాడి వయసులో నేనూ ఇలాగే బోల్తాపడి, పాపం, ఏ తప్పూ లేని ఐసీలు మూడు మార్చాను.

ఈ ఆంప్లిఫయర్ రెండు ఇన్‌పుట్ల తేడానే పట్టించుకుంటుందని చదివి, ఇక గ్రౌండ్‌తో పనేముంది అనుకుంటాం. కానీ లోపలి ట్రాన్సిస్టర్లు పనిచేయాలంటే ఆ ఇన్‌పుట్ కాళ్లలో రవ్వంత బయాస్ కరెంటు పారాలి. రెండు కాళ్లవీ కలిపి ఒక నానోఆంపియర్ అనుకుందాం. థర్మోకపుల్ ఏమో గ్రౌండ్‌తో ఏ లంకే లేకుండా వేలాడుతోంది. మరి ఆ కరెంటు పోయే దారేది? పెరట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది, కింద తొట్టికి తూము లేదు. తెల్లారేసరికి పొర్లదూ? ఇక్కడి తొట్టి మరీ బుల్లిది. తీగల కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లయితే, ఆ ఒక్క నానోఆంపియరే సెకనుకి 10 వోల్టుల చొప్పున నింపేస్తుంది. ఇన్‌పుట్లు రెండూ కలిసి బ్యాటరీ వోల్టేజీ అంచుకి కొట్టుకుపోతాయి. ఇక ఆంప్లిఫయర్ చెప్పే అంకెకి అర్థం ఉండదు.

మీటర్ లోపల 10 మెగాఓములుంటాయి. ప్రోబు ఆనగానే తొట్టికి తూము దొరికింది. నానోఆంపియర్‌ని 10 మెగాఓములతో గుణించు, వాడి 10 మిల్లీవోల్టులు అవే. టీ వేడికీ వాటికీ సంబంధం లేదు.

"అయితే మీటర్ ఎప్పుడూ తగిలించే ఉంచాలా?" అన్నాడు వెధవ.

డబ్బాలోంచి 100 కిలోఓముల రెసిస్టర్ తీసి, ఒక ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి గుచ్చాను. థర్మోకపుల్ తీగ రెండు కాళ్లనీ కలుపుతుంది కనక ఒక్కటి చాలు. సిగ్నల్ కెపాసిటర్ల గుండా వస్తే మాత్రం రెండు కాళ్లకీ చెరొకటి కావాలి. ఈసీజీ తీసేటప్పుడు కుడికాలికి తగిలించే తీగ గుర్తుందా? అది గుండెను కొలవదు. ఒంటిని సర్క్యూట్‌తో కలిపి ఉంచుతుంది.

ఎర్ర ప్రోబు తీసేశాడు. అవుట్‌పుట్ కదల్లేదు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. 0.16, 0.15, 0.13... 0.12. గది 30 డిగ్రీలు, దానిమీద ఇంకో 30.

"అరవైకి దిగిందిరా, తాగెయ్."