కాన్వెంటు వేదికపై మన పిల్లలు

డిసెంబరు వచ్చిందంటే పాలకొల్లు, నరసాపురం, భీమవరం ప్రాంతాల్లో బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఒకటే హడావుడి. దేవదూతకు రెక్కలు కావాలి, గొర్రెల కాపరికి దుప్పటి కావాలి, జ్ఞానికి మెరుపుకాగితం కిరీటం కావాలి. కతోలిక కాన్వెంటు బడుల క్రిస్మస్ నాటికలో యోసేపు వేషం హిందువుల అబ్బాయిది కావచ్చు, మరియ వేషం ముస్లిం అమ్మాయిది కావచ్చు. రక్షకుని జనన వార్త అన్ని ఇళ్ల గడపలూ దాటే రోజు అది.

ఈ బడుల వెనుక ఎంతో శ్రమ ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు బట్టల వ్యాపారం కోసం మన పాలకొల్లు వచ్చారు. అదే దేశం నుంచి 1904లో జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చారు. వారు వచ్చింది సరుకు కోసం కాదు, సేవ కోసం. 1953లో ఏలూరులో వారు ప్రారంభించిన సెయింట్ థెరిసా మహిళా కళాశాల మన జిల్లా ఆడపిల్లలకు ఉన్నత విద్య తలుపు తెరిచింది. మన మిషనరీలూ వెనుకబడలేదు. బందరులో 1843లో నోబుల్ దొర బడి, గుంటూరులో 1885లో లూథరన్ల కళాశాల వెలిశాయి.

కతోలిక బడిలో చదువు ఒక్కటే ఉండదు. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, హౌస్‌ల మధ్య పోటీలు, స్పోర్ట్స్ డే మార్చ్‌పాస్ట్, వార్షికోత్సవం, బడి పేరుగల పునీతుని పండుగ ఇవన్నీ పిల్లల్ని తీర్చిదిద్దుతాయి. 1841లో ఇటలీలోని ట్యూరిన్‌లో వీధిబాలలను చేరదీసిన డాన్ బాస్కో ఆటస్థలాన్ని కూడా పరిచర్యగానే ఎంచాడు. బెరుకుగా ఉండే బిడ్డ మైకు ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకునేది ఇక్కడే.

అయితే ఒక సాయంత్రం ఆ బిడ్డే ఇంటికొచ్చి అడుగుతాడు: "అమ్మా, మన చర్చిలో మరియమ్మ స్వరూపం ఎందుకు లేదు? మనం సిలువ గుర్తు ఎందుకు వేసుకోం?" కొందరు తల్లిదండ్రులు కసురుకుంటారు. మరికొందరు "మార్కులు వస్తున్నాయిగా, అవన్నీ నీకెందుకు" అంటారు. కసిరితే బిడ్డ మళ్లీ అడగడు. తోసిపుచ్చితే విశ్వాసం ఆదివారానికే పరిమితమని అనుకుంటాడు. రెండు విధాలా నష్టపోయేది మనమే.

దానియేలును చూడండి. అతడు మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు. చదువును తోసిపుచ్చలేదు. మనస్సాక్షి ఒప్పని భోజనం దగ్గర మాత్రం తగవుపడకుండా, పది దినాలు పరీక్షించి చూడమని వినయంగా అడిగాడు (దానియేలు 1). కతోలికులు మనకు బబులోనువారు కారు, అదే క్రీస్తును ఒప్పుకునే సహోదరులు. తమతో కలిసి నడవనివాడు ప్రభువు నామంలో మేలు చేస్తుంటే శిష్యులు అడ్డుకోబోయారు. అడ్డుకోవద్దని ప్రభువు చెప్పాడు (మార్కు 9:38-40). భేదాలున్న చోట వినయం, ఏకీభావమున్న చోట సంతోషం మనకు తగినవి.

మన రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందిన బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు, ఆరాధనకు బలవంతపెట్టకూడదు. కాబట్టి ఏదైనా అభ్యంతరముంటే బిడ్డను ముందుకు నెట్టకుండా, పెద్దలమే వెళ్లి సిస్టర్ గారితోనో ఫాదర్ గారితోనో మర్యాదగా మాట్లాడాలి.

అన్నిటికంటే ముందు ఇంట్లో కుటుంబ ప్రార్థన నిలవాలి. మరియ వినయాన్ని, విధేయతను లూకా మొదటి అధ్యాయం నుంచి మనమే పిల్లలకు చదివి చెప్పాలి. అప్పుడు బడిలో చూసింది వారిని కలవరపెట్టదు. సండే స్కూలు ఉపాధ్యాయులు కూడా ఇలాంటి ప్రశ్నలకు ఒక ఆదివారం కేటాయించాలి.

ఈ క్రిస్మస్‌కు బడి నాటిక చూడటానికి వెళ్దాం. మన బిడ్డకే కాదు, పక్కింటి బిడ్డకూ చప్పట్లు కొడదాం. ఇంటికి తిరిగి వచ్చే దారిలో ఆ పశువుల తొట్టిలోని శిశువు ఎవరో, ఎందుకు వచ్చాడో చెబుదాం. ఆ మాట బిడ్డ మన నోట వినాలి.