లారీ లాగడం లేదా? పంపు విప్పించే ముందు ఇవి చూడండి

ఖాళీ బండి బాగానే పోతుంది. లోడు వేసుకుని నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. ఎవరికి ఫోన్ చేసినా "పంపు పోయింది భాయ్" అంటారు. పంపు విప్పితే ఖర్చు వేలల్లో, బండి షెడ్డులో, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. కానీ చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది, దానికి డీజిలే సరిగా అందదు.

ముందు పొగ చూడండి. లోడు మీద నల్లపొగ బాగా వస్తుంటే ఇంజన్‌కి గాలి తక్కువైందేమో. ఎయిర్ ఫిల్టర్, టర్బో హోస్ చూడాలి. పొగ పెద్దగా లేకుండానే బండి నీరసంగా ఉంటే డీజిల్ అందడం లేదని అనుమానించాలి.

తర్వాత ట్యాంకు మూత. దాని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పడుతుంది. మూత కాస్త వదులు చేయగానే బండి అందుకుంటే రోగం అక్కడే. నవ్వొస్తుంది గానీ, దీనికే పంపు విప్పించుకున్నవాళ్లున్నారు. ఫిల్టర్ కింద నీళ్లు వదిలి చూడండి, ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి.

అసలు తిప్పలు పెట్టేది గాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు డీజిల్‌ని పీల్చుకునే వైపు. అక్కడ వాషర్ అరిగినా, పైపు చీలినా డీజిల్ బయటకు కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. అందుకే పైకి ఏమీ కనబడదు. పొద్దున్నే స్టార్ట్ కాకుండా, హ్యాండ్ ప్రైమర్ కొట్టాకే అందుకుంటే ఇదే గుర్తు. ఆ పైపు మధ్యలో పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి. ఇంకో పరీక్ష: శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపుకి నేరుగా అక్కడి నుంచే పైపు ఇవ్వండి. బండి సరిగ్గా నడిస్తే తప్పు ట్యాంకులోనో పైపులోనో ఉంది.

ఇప్పటి కామన్ రైల్ బండ్లకి దీని తర్వాత స్కానర్ కావాలి. ఈసీఎమ్ అడిగే ప్రెషర్, రైల్‌లో నిజంగా ఉన్న ప్రెషర్ పక్కపక్కన చూడాలి. ఐడిలింగ్‌లో కొన్ని వందల బార్లు, ఫుల్ లోడులో 1600, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. సరైన లెక్క మీ బండి మాన్యువల్‌దే. అడిగినంత రాకపోయినా వెంటనే పంపుని అనకండి. ఒక ఇంజెక్టర్ రిటర్న్‌లోకి ఎక్కువ డీజిల్ వదిలేస్తున్నా ప్రెషర్ పడిపోతుంది. రిటర్న్ పైపులకి ఒకే సైజు సీసాలు కట్టి చూస్తే ఏది తొందరగా నిండుతుందో తెలుస్తుంది.

పాత బండి మీద పనిచేసిన పిల్లలకి ఒక అలవాటుంటుంది, ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేయడం. కామన్ రైల్‌లో అది అస్సలు చేయనివ్వకండి. లీక్ కోసం చేత్తో తడమడమూ వద్దు. ఆ ప్రెషర్‌లో వచ్చే సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. బయట సూది గుచ్చినంత మచ్చే కనబడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. కడుక్కుని ఊరుకుంటే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి.